జగిత్యాల టవర్ దగ్గర ఒక దిద్దుబాటు

మొన్న కోరుట్లలో బంధువుల ఇంట పెండ్లి చూసుకొని, తిరుగుప్రయాణంలో జగిత్యాలలో ఆగాను. టవర్ సర్కిల్‌కు సమీపంలో ఒక లాడ్జిలో బస. ఉదయమే గడియారస్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చాయ్ కోసం ఒక హోటల్‌లో కూర్చున్నాను. యజమాని నన్ను గుర్తుపట్టాడు. నా దగ్గర చదివినవాడే! పక్క బల్లమీది ప్రయాణికులకు ఊరి కథ చెబుతున్నాడు: "జాక్, తాల్ అని ఇద్దరు ఫ్రెంచోళ్లు కోట గట్టిండ్రు. ఆళ్ల పేర్లు గలిపితెనే జగిత్యాల. మా సారే జెప్పిండు, అడుగుండ్రి!"

నిజమే, నేనే చెప్పాను. ఏళ్ల తరబడి చెప్పాను. చాయ్ గొంతు దిగలేదు.

మిత్రులారా, కోట సంగతిలో అబద్ధం లేదు. 1747లో జఫరుద్దౌలా కట్టించినది. నక్షత్రాకారం, చుట్టూ కందకం. అందులో ఫ్రెంచి ఇంజనీర్ల నైపుణ్యం ఉన్నదనీ చెబుతారు. కాని కోట కట్టినవారు వేరు, ఊరికి పేరైనవారు వేరు కావచ్చు గదా! ఇదే జిల్లాలో కొడిమ్యాల ఉంది, గోదావరి ఆవలి ఒడ్డున మంచిర్యాల ఉంది. ఆ 'యాల'లను ఏ తాల్ దొర ఇచ్చిపోయాడు? తెలుగు పండితుణ్ణై ఉండి, ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు.

పట్టణానికి చేరువలోనే పొలాస ఉంది. శాసనాలలోని పొలవాస అదే. ఆ పాలకుల వంశంలో జగ్గదేవుడనే పేరు కనబడుతుంది. అనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం, కాకతి రుద్రదేవుడు మేడరాజును జయించి పొలవాసను గెలుచుకొన్నాడని చెబుతుంది. జగ్గదేవుని పేరే జగిత్యాల అయిందని కొందరి అభిప్రాయం. అదీ ఊహే. అయితే దానికి నిలబడడానికి ఇక్కడి నేల ఉంది. మొదటిదానికి ఉన్నది శబ్దసామ్యం ఒక్కటే.

కథ రుచిగా ఉంటే పిల్లలు మరువరని సంతోషించేవాణ్ణి. మరువకపోవడమే ప్రమాదమని ఇప్పుడు తెలిసింది. ఆరువందల ఏండ్ల ముందటి పొలవాసను రెండు పరదేశి పేర్ల వెనుక దాచాను.

అతణ్ణి పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "గా ముచ్చట అప్పుడే జెప్పకపోతిరి సార్!" అన్నాడు. చాయ్ పైసలు మాత్రం తీసుకోలేదు.