443: అందరూ దూరే దొడ్డిగుమ్మం

ఆమధ్య ఒక క్లయింటు దగ్గర మా ప్రోగ్రాం చచ్చినా కనెక్ట్ అవ్వలేదు. అజూర్ సర్వీస్ బస్ నుంచి మెసేజీలు తీసుకోవాలంతే. నా లాప్‌టాప్‌లో శుభ్రంగా నడిచింది, వాళ్ళ నెట్‌వర్కులో టైమవుట్. రెండ్రోజులు లాగులు తిరగేశాక తేలిందేమిటంటే, మా ఏఎంక్యూపీ 5671 పోర్టుకి వెళ్తోంది, వాళ్ళ ఫైర్‌వాల్ ప్రాక్సీ మీదుగా 443 తప్ప ఏదీ వదలట్లేదు. ట్రాన్స్‌పోర్టుని వెబ్‌సాకెట్స్‌కి మార్చి, ప్రాక్సీ అడ్రసు ఇచ్చా. మెసేజీలు వచ్చేశాయి! అదే సర్వరు, అవే మెసేజీలు. మరి ఆ ఫైర్‌వాల్ దేన్ని ఆపినట్టు?

కాస్త వెనక్కి వెళ్దాం. ఫైర్‌వాల్ వెనక ఉన్నవాళ్ళకీ వెబ్ అందాలని సెర్న్ వెబ్ సర్వరుకి ప్రాక్సీ చేర్చినవాడు ఆరి లువోటొనెన్. ఇది 1994 నాటి మాట. పేజీని ప్రాక్సీయే తెచ్చిచ్చేది కాబట్టి ఏం వెళ్తోందో దానికి తెలుసు. చిక్కల్లా ఎస్ఎస్ఎల్‌తో వచ్చింది. మధ్యలో ఎవరూ చదవకూడదనే కదా ఎన్‌క్రిప్షన్, ప్రాక్సీ ఉండేదే మధ్యలో! నెట్‌స్కేప్‌కి వెళ్ళాక లువోటొనెనే దీనికి 'కనెక్ట్' అనే పద్ధతి రాశాడు. ఫలానా మెషీను, ఫలానా పోర్టుకి కలపమని ప్రాక్సీని అడుగుతాం. కలిపాక అది బైట్లు అటూ ఇటూ మోస్తుందే తప్ప లోపలేముందో చూడదు, అతికించిన కవరు మోసే పోస్ట్‌మాన్ లాగా.

ఇందులో ప్రమాదం వాళ్ళకి తెలీక కాదు. ఈ సొరంగానికి కొన్ని పోర్టులే అనుమతించండి, 25కి వదిలితే స్పామ్ పంపేస్తారు అని 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2817 హెచ్చరించింది. అడ్మిన్లు బుద్ధిగా 443 ఉంచి దాదాపు అన్నీ మూసేశారు. ఒక్క తలుపే తెరిచుంటే ఊరంతా అందులోంచే దూరదూ?

అన్నట్టు, 2001 ఏప్రిల్ 1న ఆర్ఎఫ్‌సీ 3093 అని ఒక జోకు వచ్చింది. ప్యాకెట్లని హెచ్‌టీటీపీలో చుట్టి ఫైర్‌వాల్ దాటించే పద్ధతి, పేరేమో 'ఫైర్‌వాల్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రోటోకాల్'! పదేళ్ళు తిరిగేసరికి, 2011 డిసెంబరులో, జోకు కాకుండానే వెబ్‌సాకెట్ ప్రమాణం వచ్చింది. ప్రాక్సీ ఉంటే ముందు కనెక్ట్ అడగమని అందులోనే రాశారు.

అడ్మిన్లు మాత్రం ఊరుకుంటారా? చాలాచోట్ల ప్రాక్సీ ఇప్పుడు సొంత సర్టిఫికెట్ చూపించి, టీఎల్ఎస్‌ని మధ్యలోనే విప్పి చదువుతోంది. మా ప్రోగ్రాం కూడా వారం తిరక్కుండా సర్టిఫికెట్ ఎర్రర్‌తో ఆగింది. వాళ్ళ రూట్ సర్టిఫికెట్‌ని నమ్మేట్టు సెట్టింగు మార్చింది నేనే. ఆ క్యూలో వెళ్ళేవి ఉద్యోగుల జీతాల వివరాలు. ప్రాక్సీ దగ్గర అవి ఎవరికి కనబడతాయని మెయిల్ పెట్టాను. టికెట్ క్లోజ్ అయింది గానీ జవాబు రాలేదు.