పంతులు కన్ను ఎక్కడ తప్పింది?

ఝరాసంగం పేరు వినగానే కేతకీ సంగమేశ్వరుడి గుడి గుర్తుకొస్తుంది. శివరాత్రికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి భక్తులు తరలివచ్చే ఆ గుడి ముందు నిలబడి నాలుగు మాటలు వింటే చాలు, ఈ నేల చరిత్ర సగం బోధపడుతుంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ అక్కడ ఒకే వరుసలో దర్శనానికి నిలబడతాయి. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో బీదర్ మూడు ముక్కలైంది. కొంత మైసూరుకు, కొంత బొంబాయికి పోగా జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు భాగం మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 2016 అక్టోబరు 11న అది సంగారెడ్డి జిల్లా అయింది. జిల్లా పేర్లు మారినంత తొందరగా ఇళ్లలో మాట మారదు. ఇక్కడి ఊళ్లలో ఒకటో తరగతిలో తెలుగు వాచకం తెరిచిన పిల్లల్లో ఒకరి ఇంట కన్నడం, ఒకరి ఇంట ఉర్దూ ఉండవచ్చు; తండా నుంచి వచ్చిన పిల్ల ఇంట లంబాడీ ఉంటుంది. అలాంటి గదిలోకి మొదటిసారి అడుగుపెట్టే టీచరు అంతకుముందు ఎక్కడ, ఎవరు చూస్తుండగా పాఠం చెప్పడం నేర్చుకుంది? నూటయాభై ఏళ్లకు పైబడిన మన ఉపాధ్యాయ శిక్షణను ఈ ప్రశ్నతో తరచి చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. నేర్చుకునే వాళ్లను పిల్లల ముందు నిలబెట్టే రోజులు పెరుగుతూ వచ్చాయి. వాళ్లను గమనించే కన్ను మాత్రం గదిలోంచి బయటికి జరుగుతూ పోయింది.

ఆ కన్ను ఒకప్పుడు గదిలోనే ఉండేదనడానికి మంచి సాక్ష్యం బళ్లారి జిల్లాలో దొరుకుతుంది. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. మద్రాసు ప్రభుత్వం అడిగిన మీదట 1823 ఆగస్టులో ఆయన తన జిల్లాలోని వీధిబడుల మీద నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి, మిగిలినవి మరాఠీ, పారశీ, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు నేర్పేవి. నేటి ఝరాసంగం లాగే అదీ భాషలు కలిసే నేల. ఉదయం ఆరు గంటలకు పిల్లలు బడికి చేరేవారు. ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న చుట్టేవారు, మూడోవాడి నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ బెత్తం దెబ్బలు పెరిగేవి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, కాస్త చదువు వచ్చిన పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం అక్కడి పద్ధతి. ఆ వర్ణనలో నన్ను ఆపేది ఒక చిన్న వివరం. కింది తరగతులను పెద్ద పిల్లలకు అప్పగించి, పై తరగతులను పంతులు తన దగ్గరే ఉంచుకుంటాడు. అలా ఉంచుకుని కూడా బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. పాఠం చెబుతున్న పెద్ద పిల్లవాడు తప్పు పలికితే ఆ తప్పు పంతులు చెవిన పడే దూరంలోనే ఉంది. చెప్పడం నేర్చుకునేవాడు, నేర్పేవాడు, పిల్లలు, ముగ్గురూ ఒకే అరుగు మీద ఉన్నారు.

ఆ అరుగును అందంగా చిత్రించి మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. అంతమంది పిల్లల్లో ఆడపిల్లలు కేవలం 60 మంది. పద్యాలు అర్థం తెలియకుండా వల్లెవేయిస్తున్నారని, సమర్థులైన పంతుళ్లు కరువని క్యాంబెలే రాశాడు. ఊరి చివరి వాడల పిల్లలకు ఆ అరుగు ఎక్కే దారే లేదు. వీధిబడి ఏం నేర్పిందో, ఎవరికి నేర్పిందో చూస్తే అది పోవడమే మంచిదైంది. అయితే చెప్పడం నేర్చుకునేవాణ్ణి అది పనిలో పెట్టిన తీరు వేరే సంగతి. దాన్ని విడిగా తూచాలి.

ఆ తీరు అప్పటికే సముద్రం దాటింది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథాశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, దక్షిణాది వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి దాన్ని తన ఆశ్రమంలో పెట్టాలనుకున్నాడు. ఉపాధ్యాయులు మొండికేస్తే జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి అక్షరాల తరగతి అప్పగించాడు. 1797లో లండన్‌లో ఆ ప్రయోగం మీద పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో వేలాది బడులకు పాకింది. అయితే వందల మంది పిల్లలున్న హాలులో ఒక్క మాస్టరు చూపు ఎంతవరకు ఆనుతుంది? ఆ లోపం తెలిసివచ్చాకే 1846లో అక్కడి విద్యాధికారి కే-షటిల్‌వర్త్ మరో ఏర్పాటు చేశాడు. పదమూడేళ్లు నిండిన పిల్లలను ఐదేళ్ల పాటు ఒక హెడ్మాస్టరు దగ్గర పని నేర్చుకునేందుకు పెట్టి, వాళ్లకు భత్యం ఇప్పించాడు. 1854 నాటి వుడ్ విద్యా పత్రం ఈ విద్యార్థి-ఉపాధ్యాయ పద్ధతినీ నార్మల్ స్కూళ్లనూ కలిపి మన దేశానికి సిఫారసు చేసింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు తెరుచుకుంది. 1894లో రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. ఇక్కడి నుంచి వెళ్లిన పద్ధతి ఇక్కడికే తిరిగి వచ్చిందని చెప్పుకోవడం బాగానే ఉంటుంది గానీ, తిరిగి వచ్చినప్పుడు అది ఒక భవనంలో కుదురుకుంది. శిక్షణ ఇచ్చే చోటు ఒకటి, బడి మరొకటి అయ్యాయి. రెండింటినీ కలిపే వంతెనగా శిక్షణాలయం పక్కనే ఒక ప్రాక్టీసింగ్ స్కూలు వెలిసింది.

ఆ ప్రాక్టీసింగ్ స్కూలు నుంచి వచ్చిన అలవాట్లు తరతరాలుగా సాగాయి. శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయుడు ముందురోజు రాత్రి హెర్బార్ట్ సోపానాల ప్రకారం పాఠ్యపథకం రాసుకుంటాడు. చార్టు, బొమ్మలు పట్టుకుని వస్తాడు. లెక్చరరు వెనక బెంచీలో పావుగంట కూర్చుని, రికార్డులో రెండు వాక్యాలు రాసి మరో గదికి వెళతాడు. తోటివాళ్లంతా చూస్తుండగా చెప్పే క్రిటిసిజం లెసన్ ఒకటి, చివర బయటి పరీక్షకుడి ముందు ఫైనల్ లెసన్ ఒకటి. లెక్క పాఠాల సంఖ్యలో సాగింది. ఇన్ని పాఠాలు చెప్పి, ఇన్ని పరిశీలించి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటే పని పూర్తయినట్టే. నిన్నటి పాఠం పిల్లలకు ఎంత ఒంటబట్టిందో మర్నాడు చూసుకునే అవకాశం అందులో లేదు, ఎందుకంటే మర్నాడు పాఠం మరొకరిది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశం, ఆ తర్వాత హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ నాయకత్వంలోని కమిటీ కలిసి రూపుదిద్దిన నయీ తాలీం ఒక్కటే ఈ గొలుసును తెంచాలని నిజంగా చూసింది. శిక్షణ పొందేవాళ్లు పిల్లలతో కలిసి నూలు వడుకుతూ, తోటపని చేస్తూ చదువు చెప్పడం నేర్చుకోవాలన్నది దాని ఆలోచన. అది ఎక్కువ కాలం నిలవలేదు. శిక్షణాలయాలు బడులకు దూరమై ఒంటరిగా మిగిలాయని 1966లో కొఠారీ కమిషన్ తేల్చింది. అంత ముఖ్యమైన తీర్పు మన విద్యా నివేదికల్లో అరుదు. దాన్ని చదివినవాళ్లు ఎందరో ఉన్నా ఆచరణలో పెట్టినవాళ్లు తక్కువ.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, డైట్, వచ్చింది. మెదక్ జిల్లా డైట్ హవేలీ ఘనపూర్‌లో ఏర్పడింది. ఝరాసంగం నుంచి చూస్తే అది ఈశాన్యాన చాలా దూరం. 2016 జిల్లాల విభజన తర్వాత వేరే జిల్లా కూడా. డైట్ చుట్టూ కొన్ని బడులను ల్యాబ్ ఏరియాగా తీసుకుని పనిచేయాలన్నది మొదటి ఆలోచన. అందులోని తర్కం మంచిదే, కానీ ‘చుట్టూ’ అన్న మాటలోనే చిక్కుంది. లెక్చరరు మధ్యాహ్నానికి తిరిగి రాగలిగిన బడులే ఎప్పుడూ జాబితాలోకి వస్తాయి, సరిహద్దు మండలాల బడులు రావు. ఆ తర్వాత ప్రైవేటు డీఎడ్ కాలేజీలు వరదలా వచ్చాయి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చేనాటికి దేశంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటువే. ఆ కమిషన్ చెప్పిన మీదట 2014లో ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధనలు మారాయి. రెండేళ్ల డీఎల్‌ఎడ్ (పాత డీఎడ్) కోర్సులో బడిలో గడపాల్సిన కాలం 20 వారాలైంది, మొదటి ఏడు 4, రెండో ఏడు 16. కాగితం మీద ఇంతకన్నా పెద్ద మేలు ఈ రంగంలో జరగలేదని ఒప్పుకోవాలి. కానీ వారాలు పెంచిన నిబంధన చూసేవాళ్లను పెంచలేదు. పదహారు వారాలు ఒక పల్లె బడిలో ఛాత్రోపాధ్యాయురాలు ఉంటే, ఆమె పాఠం విని ఆ సాయంత్రమే తప్పొప్పులు చెప్పేది ఎవరు? ఆ బడి టీచరుకు దానికి సమయం, శిక్షణ, గుర్తింపు లేకపోతే ఛాత్రోపాధ్యాయురాలు ఖాళీ పోస్టును నింపే కూలి లేని మనిషిగా మిగిలిపోతుంది.

నేర్చుకునేవాళ్లను సరిహద్దు పల్లెల బడుల్లోనే ఉంచి, వాళ్లను చూసే కన్నూ అక్కడే ఉండాలంటే ఎదురయ్యే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. వెనకబడిన సరిహద్దు పల్లెల పిల్లల మీద నేర్చుకునేవాళ్ల ప్రయోగాలు ఎందుకు, పట్నం మోడల్ స్కూలులో చెయ్యి తిరిగాక పంపవచ్చు కదా అంటారు. కానీ చెయ్యి తిరిగేది ఎలాంటి గదిలోనో కూడా చూడాలి. ముప్పయి మంది ఒకే తరగతి పిల్లలు, ఇంట్లోనూ తెలుగే మాట్లాడే పిల్లలు ఉన్న గదిలో నేర్చిన నేర్పు, ఐదు తరగతులను ఇద్దరు టీచర్లు పంచుకునే బడిలో సగమే పనికొస్తుంది. నియామక పత్రం తీసుకుని నేరుగా వచ్చే కొత్త టీచరు మొదటి ఏడాదంతా ఎలాగూ నేర్చుకుంటూనే ఉంటుంది, అదీ ఎవరూ చూడకుండా. పిల్లలకు ఎక్కువ నష్టం అందులోనే ఉంది. రెండో అభ్యంతరం డబ్బుది, దూరానిది. లెక్చరర్లు వారానికోసారి ఝరాసంగం రాలేరు, నిజమే. అందుకే రావాల్సింది లెక్చరరు కాదని నా వాదన. బళ్లారి పంతులు లాగా అదే గదిలో ఉండే మనిషికే ఆ బాధ్యత ఇవ్వాలి. ఇది కొత్త ఊహ కాదు. బ్రిటన్ సహాయంతో 1989 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా నడిచిన ప్రాథమిక విద్యా పథకం, ఏపెప్, ఊళ్ల మధ్య టీచర్ సెంటర్లు పెట్టి టీచర్లే టీచర్లకు పని చూపించే అలవాటు చేసింది. నేటి స్కూల్ కాంప్లెక్సులు దాని వారసులే. చట్రం ఉంది, ఛాత్రోపాధ్యాయులను అందులో చేర్చడమే మిగిలింది.

పల్లెలో నేర్పేవాళ్లెవరున్నారన్న మాట కూడా వినిపిస్తుంది. ఝరాసంగం మండలంలోని మాచనూరే దానికి జవాబు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో పెట్టిన పచ్చసాలెలో పిల్లలు పుస్తకం చదువుతో పాటు వడ్రంగం, కుమ్మరం లాంటి పనులు నేర్చుకున్నారు. అదే ఊళ్లో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలు. అరక, కలుపు తెలిసిన ఆ చేతులు మైకు, రికార్డింగు పని మీదే నేర్చుకున్నాయి. పక్కన ఒకరు నిలబడి చూపిస్తే ఈ నేల మీద ఏ పనైనా పట్టుబడుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి మరో కారణం ఉంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, బీఎడ్ వాళ్లను ప్రాథమిక తరగతులకు అనుమతించిన 2018 నోటిఫికేషన్‌ను కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పడం ప్రత్యేకమైన పని, దానికి ప్రత్యేక శిక్షణ కావాలన్నది ఆ తీర్పు సారం. తెలంగాణలో టీచర్ల నియామకానికి జరిగిన 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో 6,508 ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్‌జీటీలవే. అవన్నీ డీఎల్‌ఎడ్ వాళ్లకే. చట్టం ఆ కోర్సు మీద అంత నమ్మకం పెట్టినప్పుడు అందులో బడిలో గడిపే వారాలు నిజమైనవి కావాలి. రెండో ఏడాది 16 వారాల్లో సగమైనా సరిహద్దు మండలాల బడుల్లో గడిపేలా ఎస్‌సీఈఆర్‌టీ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ బడిలో అనుభవమున్న టీచరుకు రోజుకో గంట బోధన తగ్గించి, పరిశీలన రికార్డు మీద ఆమె సంతకానికే మార్కుల బరువు ఇవ్వాలి. ఊళ్లో ఉండి నేర్చుకునే ఛాత్రోపాధ్యాయురాలికి ఓ గది, రాకపోకల ఖర్చు పంచాయతీ, విద్యాశాఖ కలిసి చూసుకోవాలి. ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి వచ్చే తర్వాతి బ్యాచ్ నుంచే మొదలుపెట్టవచ్చు, ఝరాసంగం నుంచే.