ఉప్పునీటి అక్వేరియంలో చేపల పొందిక

ఉప్పునీటి అక్వేరియంలో చేపల పొందిక వాటి సైజు కన్నా వదిలే వరుస మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పగడపు దిబ్బల డామ్సెల్ చేప వేలెడంతే ఉన్నా, తన రాతి సందు దగ్గరికొచ్చిన పెద్ద చేపనూ తరిమికొడుతుంది. ముందే పాతుకుపోయిన చేపకు ఆ చోటంతా సొంతమే. అందుకే సాధువైన గోబీ, కార్డినల్ చేపలను మొదట, క్లౌన్ చేపలను తర్వాత, దూకుడైన టాంగ్, డామ్సెల్ చేపలను చివర వదలాలి. తొట్టి పెద్దదైతే గొడవలే ఉండవన్న వాదన సగమే నిజం. దాక్కోవడానికి సందులు లేకపోతే ఎంత చోటున్నా తరుములాట ఆగదు.

కొత్త చేపను తొట్టిలోకి వదిలే ముందు 4 వారాలు విడిగా ఉంచితే బెదిరిపోతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అయితే రెక్కల మీద ఉప్పు రవ్వల్లా తేలే తెల్లమచ్చల తెగులు ఒక్క చేపతో వచ్చి తొట్టినంతా ఖాళీ చేయగలదు. విడి తొట్టిలో ఒక గొట్టం ముక్క పెడితే బెదురు తగ్గుతుంది. పాకిన తెగులును ఆపడం అంత తేలిక కాదు.