చీము కారే చెవికి ఎన్ని వైద్యాలు: అవ్వ నూనె నుంచి ఆపరేషన్ దాకా



పోయిన నెల మనవాళ్ళ ఇంట్లో సీమంతానికి వెళ్ళినప్పుడు ఒక పిలకాయను చూశాం. ఆరేడేళ్ళుంటాయి. కుడి చెవిలో దూది కుక్కి ఉంది, ఆ దూది పచ్చగా తడిసిపోయి ఉంది. వాళ్ళమ్మను అడిగాం, "ఏమ్మా, పిల్లోడి చెవికి ఏమైంది?" అని. "కారుతుంది మామా. రెండేళ్ళుగా అంతే. పెద్దయితే పోతుందిలే అంటున్నారు మా అత్త" అనింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. "పెద్దయితే పోతుంది" అనే ఆ మాట యాభై ఏళ్ళ కిందట మారికుప్పం లైన్లలో మా ఇంట్లోనే విన్నాం. అందుకే ఈసారి గనుల చరిత్ర పక్కన పెట్టి చెవి చరిత్ర రాస్తున్నాం. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు రాత ఇంట్లో నాయన దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి. మేము డాక్టర్లం కాదు, టికెట్లు కొట్టినవాళ్ళం. చదివి, అడిగి తెలుసుకున్నది చెబుతున్నాం.

మా అక్క మాకంటే మూడేళ్ళు పెద్ద. నాలుగేళ్ళప్పుడు జలుబు చేసి, చెవిపోటు వచ్చి, ఒక రాత్రంతా ఏడ్చిందట. తెల్లారేసరికి చెవిలోంచి చీము కారింది, నొప్పి తగ్గింది. ఇంట్లో అందరూ పీడ పోయిందనుకున్నారు. అసలు పీడ అప్పుడే మొదలైంది. ఆ చెవి ముప్పై ఏళ్ళు కారింది, తర్వాత రెండో చెవి కూడా మొదలుపెట్టింది. అవ్వ వెల్లుల్లి కాచిన నూనె వెచ్చగా పోసేది. తుమ్మి ఆకు పసరు పిండేది. పక్కింటి బాలింతను అడిగి చనుబాలు వేయించేది. కోడి ఈకతో తుడిచేది. నాలుగు రోజులు ఆగినట్టుండేది, జలుబు చేస్తే మళ్ళీ మొదలు.

బడిలో టీచరు పిలిస్తే అక్క పలికేది కాదు. మొద్దు అన్నారు, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. అక్కడ ఇంకేం వినపడుతుంది? అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. తమిళంలో చెవిని కాదు అంటారు, తెలుగులో కాదు అంటే లేదనే కదా. "నాకు రెండు భాషల్లోనూ కాదే రా" అని అక్క ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వు మాకు నవ్వుగా వినపడదు.

1894లోనే బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి మన గనులకు కరెంటు వచ్చింది. కంపెనీ ఆసుపత్రి కూడా ఉండేది. అయినా అక్కను తీసుకుపోలేదు. "చెవి కారేదానికి ఆసుపత్రి ఏందిరా" అనేవాళ్ళు. తప్పు ఆసుపత్రిది కాదు, మా ఇంటిదే.

ఇంకొకటి కూడా మనల్ని ఏమార్చింది. మన ఊర్లో చెవుడంటే గని చెవుడే గుర్తొస్తుంది. డ్రిల్లింగు మిషను మోత, తూటాల పేలుడు వినీ వినీ వచ్చే చెవుడు అది. అది లోపలి చెవి నరాలకు తగిలే దెబ్బ, చీము ఉండదు. మా అక్కది నడి చెవి జబ్బు. చెవి తమ్మెట, అంటే లోపలి పలుచని పొర, చిల్లు పడి రెండు వారాలకు మించి చీము కారుతూ ఉంటే దాన్ని దీర్ఘకాలపు చెవి చీము అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ముక్కు వెనక నుంచి నడి చెవికి ఒక గొట్టం ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు తేలిగ్గా చెవికి ఎక్కుతుంది. ఒకే గదిలో ఎనిమిది మంది, కట్టె పొయ్యి పొగ, మాటిమాటికీ జలుబు. మన పాత లైన్ల ఇళ్ళు ఈ జబ్బుకు పుట్టినిల్లు. ప్రపంచంలో ఆరున్నర కోట్ల నుంచి 33 కోట్ల మందికి ఇది ఉండొచ్చని ఆ సంస్థ 2004 నివేదికలో రాసింది.

ఇక వైద్యాల చరిత్రకు వద్దాం. సుశ్రుతుడు చెవి జబ్బులు 28 అని లెక్క పెట్టాడు. చీము కారే చెవికి ఆయన చెప్పిన పద్ధతుల్లో పొగ పెట్టడం, మందు నింపడం, కడగడం ఉన్నాయి, తుడవడం కూడా ఉంది. మా అవ్వ నింపడం మాత్రం పట్టుకుంది, తుడవడం కోడి ఈకకు వదిలేసింది. చిల్లున్న చెవిలో నూనె, పసరు, పాలు పోస్తే అవి నేరుగా నడి చెవిలోకి దిగుతాయి. తడి పెరుగుతుంది, కొత్త క్రిములు చేరతాయి. అవ్వ ప్రేమలో లోపం లేదు. తమ్మెటకు చిల్లుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

తెల్లవాళ్ళ దేశాల్లో మాత్రం మొదటి నుంచీ బాగా జరిగిందనుకోవద్దు. చెవి వెనక ఎముకను తొలిచే ఆపరేషన్‌ను 18వ శతాబ్దంలోనే ప్రయత్నించారు. 1791లో డెన్మార్కు రాజుగారి వైద్యుడు వాన్ బెర్గర్ చెవుడు పోవాలని ఆ ఆపరేషన్ చేయించుకుని చనిపోయాడు. దాంతో చాలా ఏళ్ళు ఆ కత్తిని ఎవరూ ముట్టలేదు. 1873లో జర్మనీలోని హాలె ఊర్లో ష్వార్ట్సె అనే డాక్టరు, తన శిష్యుడు ఐసెల్‌తో కలిసి, ఆ ఆపరేషన్ ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి అని పద్ధతిగా రాశాడు. అప్పటి నుంచి అది ప్రాణం నిలిపే ఆపరేషన్ అయింది. ఎందుకంటే చెవికీ మెదడుకూ మధ్య ఉండేది పలుచని ఎముకే. ఆస్కార్ వైల్డ్ అనే పెద్ద రచయిత 1900లో పారిస్‌లో మెదడు పొరల వాపుతో చనిపోయాడు. చెవి చీమే దానికి మూలమని చాలామంది డాక్టర్లు నమ్ముతారు. వాళ్ళ నాయన విలియం వైల్డ్ డబ్లిన్‌లో పేరుమోసిన చెవి డాక్టరు. చెవి డాక్టరు కొడుక్కే అలా అయిందంటే మనమెంత?

1935లో సల్ఫా మందులు వచ్చాయి, 1940లలో పెన్సిలిన్ వచ్చింది. కొత్తగా వచ్చిన చెవిపోటు ఎముకకు పాకి చంపడం బాగా తగ్గిపోయింది. కానీ పాత చీము చెవి లొంగలేదు. అందులో తరచుగా ఉండే సూడోమోనాస్ అనే క్రిమికి పెన్సిలిన్ లెక్కలేదు. పైగా మింగిన మాత్ర చీముతో నిండిన ఆ గూటిలోకి చాలినంతగా చేరదు. "సూది వేయించాం, ఆగలేదు" అని మన పెద్దలు అనేది అందుకే.

మరి ఏది పనిచేస్తుంది? ఎవరో చెప్పినదాన్ని నమ్మేకంటే పక్కపక్కన పెట్టి చూడాలి కదా. కెన్యాలో కియాంబు జిల్లా బడి పిల్లలు 524 మందిని పెట్టుకుని అలాగే చూశారు, 1996లో ఆ ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు చెవి తుడిచి ఆరబెట్టి, చుక్కల మందు వేసి, మాత్రలు కూడా ఇచ్చారు. ఒక గుంపుకు తుడవడం మాత్రమే. ఇంకో గుంపుకు ఏ వైద్యమూ లేదు. చీము ఆగింది మొదటి గుంపులో నూటికి 51 మందికి. తుడిచిన వాళ్ళలో 22, ఏమీ చేయని వాళ్ళలోనూ 22. అంటే ఉత్త తుడుపు చాలదు. చీము నిండిన చెవిలో మందు వేసినా అది లోపలికి దిగదు. తుడుపూ మందూ జోడెడ్లలాగా కలిసి పోవాలి.

చుక్కల్లోనూ తేడా ఉంది. జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు చిల్లులోంచి లోపలి చెవికి దిగితే వినికిడి నరానికే దెబ్బ తగలొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటి చుక్కలకు ఆ భయం లేదు, సూడోమోనాస్ మీద కూడా పనిచేస్తాయి. అందుకే ఇప్పుడు వాటికే ముందు చోటు. శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిలా చుట్టి చెవిలో పెట్టాలి, తడిసినాక తీసి కొత్తది పెట్టాలి, పొడిగా వచ్చేదాకా. తర్వాత చుక్కలు. రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. చుక్కలు మాత్రం డాక్టరు చెవి చూసి రాసిచ్చినవే వేయాలి, మెడికల్ షాపులో అడిగి కొన్నవి వద్దు.

చీము ఆగినా చిల్లు చాలామందికి మిగిలిపోతుంది. దానికి దారి 1950లలో జర్మనీలో తెరుచుకుంది. వుల్‌స్టైన్, జోల్నర్ అనే ఇద్దరు డాక్టర్లు తమ్మెటకు అతుకు వేసే ఆపరేషన్ చేసి చూపించారు. అదే రోజుల్లో ఆపరేషన్ మైక్రోస్కోపు కూడా వచ్చింది. ఇప్పుడు చెవి పైన కండరం మీద ఉండే పలుచని పొరనే తీసి అతుకుతారు. ఇంకొక రకం చీము చెవి ఉంది. కొంచెమే కారుతుంది, కానీ బాగా కంపు కొడుతుంది. అక్కడ చర్మం ముద్దలాగా పెరిగి ఎముకను తింటూ పోతుంది. దానికి చుక్కలతో పని కాదు, ఆపరేషనే దిక్కు. మా అక్క ఒక చెవి అలాంటిదే. ముప్పై దాటినాక ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, చీము ఆగింది, వినికిడి సగమే మిగిలింది.

రైల్వేవాళ్ళంగా ఒక మాట చెప్పుకోవాలి. 1991లో మన దేశంలో లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ అని ఆసుపత్రి రైలు మొదలైంది. పెట్టెల్లోనే ఆపరేషన్ గది. ఊరూరా ఆగి, కంటి శుక్లాలకు, గ్రహణం మొర్రికి చేసినట్టే నడి చెవికి కూడా ఉచితంగా ఆపరేషన్లు చేస్తుంది. 2007లో చెవుడు నివారణకు ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. కౌంటర్లో కూర్చున్న అన్నేళ్ళూ, కిటికీ కన్నానికి ఒక పక్క చెవి తిప్పి "ఎంత సార్?" అని అడిగేవాళ్ళను రోజూ చూసేవాళ్ళం. వాళ్ళలో ఎంతమందిది గని చెవుడో, ఎంతమందిది చిన్నప్పటి చీమో మేము ఒక్కరోజూ ఆలోచించలేదు. ఇంట్లో అక్క ఉండి కూడా.

కాబట్టి మూడు మాటలు. చెవి కారుతుంటే నూనె, పసరు, పాలు ఏవీ పోయొద్దు, నీళ్ళు పోనివ్వొద్దు. రెండు వారాలకు మించి కారితే చెవి డాక్టరు చూడాల్సిందే. చెవి వెనక వాపు, జ్వరంతో తలనొప్పి, తల తిరగడం, మూతి వంకర, ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

వచ్చే సంఘం మీటింగులో మేము ఒకటి అడగబోతున్నాం. ప్రతి ఏడూ పిల్లలకు మార్కులు చూసి బహుమతులిస్తున్నాం కదా, ఈ ఏడు దాంతోపాటు అందరి చెవులూ ఒకసారి చూపిద్దాం. మార్కులు రాని పిల్లల్లో ఎంతమందికి టీచరు మాట వినపడుతోందో ముందు తెలుసుకుందాం.

సీమంతంలో చూసిన పిలకాయను పోయిన సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. అక్కే వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అవతలి మాట సరిగా వినపడక పోయినా, తను చెప్పాల్సింది గట్టిగా చెప్పింది: "పెద్దయితే పోదమ్మా. నేను పెద్దయినాను, పోలేదు."

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటే కింద రాయండి. రాయడం కష్టమైతే ఇంటికి రండి, మాట్లాడుకుందాం.