తక్దీర్ కాదు, తద్బీర్

మా నానీమాకు నేనే చేతికర్ర. నాలుగో జమాత్ చదివే రోజుల్లో పొద్దున్నే ఆమె చెయ్యి నా భుజం మీద పడేది. బావి దగ్గరికి, పక్కింటి ఖాలా దగ్గరికి, మొహల్లాలో ఎవరింట్లో మౌత్ అయితే అక్కడికి. ఆమెను మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టాకే నా బడి. మొదటి గంట చాలాసార్లు పోయేది. ఆమె కంటిపాపలు రెండూ పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉండేవి.

"ఉమర్ హో గయీ బేటా, తక్దీర్" అనేది తను. "సబర్ చెయ్యాలె" అనేది మా అమ్మీ. అట్లా పదకొండేళ్లు సబర్ చేసి, మా ముఖాలు చూడకుండానే ఇంతెఖాల్ అయింది.

ఇరవై ఏళ్ల తర్వాత రిపోర్టర్‌గా ఒక మండలంలో కంటి క్యాంపు వార్తకు పోయాను. వరసగా కూర్చున్న ముసలమ్మల కళ్లలో అదే తెలుపు. డాక్టర్‌ను అడిగితే, "మోతియాబింద్. శుక్లం అంటాం. అరగంట కూడా పట్టదు" అన్నాడు. నానీమా సంగతి చెప్పాను. చూడకుండా ఖాయంగా చెప్పలేనన్నాడు గానీ, చాలామటుకు ఇదే అయి ఉంటుందన్నాడు. ఆ రోజు వార్త రాయడానికి చేతులాడలేదు. మేం తక్దీర్ అన్నదాన్ని ఒక్కసారి కూడా ఏ డాక్టర్‌కూ చూపించలేదు.

మరి ఇల్మ్ లేకనా? కాదు. కంట్లో నీళ్లు దిగాయి అని ఉర్దూలో ఇప్పటికీ అంటారు. హకీముల అరబ్బీలో దాని పేరు నుజూల్-ఉల్-మా. వెయ్యేళ్ల కింద మోసుల్ నుంచి ఈజిప్టుకు చేరిన అమ్మార్ అనే కంటి హకీం, బోలు సూదితో మెత్తటి శుక్లాన్ని పీల్చి తీయడం గురించి కితాబులో రాశాడు. మన సుశ్రుతుడి గ్రంథంలో శుక్లాన్ని పక్కకు జరిపే పద్ధతి అంతకన్నా పాతది. ఇల్మ్ ఎప్పటినుంచో ఉంది. దాన్ని నానీమా గడప దాకా తెచ్చే ఇంతెజామ్ లేదు. ఆ ఇంతెజామ్ తారీఖ్ వెతుక్కుంటూ పోతే నాకు ఒక నాబీనా ఆద్మీ దొరికాడు.

ఆయన పేరు జాన్ విల్సన్. ఇంగ్లండులో స్కార్‌బరో అనే ఊరు. 1931లో, పన్నెండేళ్ల వయసులో, బడి కెమిస్ట్రీ ల్యాబులో పేలుడు జరిగి రెండు కళ్లూ పోయాయి. అయినా ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి, లండన్‌లో అంధుల జాతీయ సంస్థలో నౌకరీలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఆ సంస్థ, వలసల శాఖ కలిసి ఆయన్ను ఆఫ్రికా, మధ్యప్రాచ్యం చూసి రమ్మని పంపాయి. బ్రిటిష్ సల్తనత్‌లో అంధుల హాలత్ ఏమిటో చూడాలి, అదే పని.

గోల్డ్‌కోస్ట్ నుంచి ఎంత కోకో పోయింది, ఉత్తర నైజీరియా నుంచి ఎంత వేరుశెనగ పోయింది అన్న లెక్కలు సల్తనత్ దగ్గర పక్కాగా ఉండేవి. చూపు పోయినవాళ్ల లెక్కలు అట్లా ఉండేవి కావు. విల్సన్ ఊరూరా తిరిగి గ్రహించింది ఒకటే: ఈ అంధత్వంలో ఎక్కువ భాగం రాకుండా ఆపగలిగింది, లేదా నయం చేయగలిగింది. ట్రకోమా, శుక్లం, పోషణ లేక పిల్లలకు వచ్చే కంటి జబ్బులు.

1950 జనవరిలో బ్రిటిష్ ఎంపైర్ సొసైటీ ఫర్ ది బ్లైండ్ పుట్టింది. ఆయనే డైరెక్టర్. సల్తనత్ కూలిపోతున్న కొద్దీ పేరులోంచి 'ఎంపైర్' పోయి 'కామన్వెల్త్' వచ్చింది. 1980ల నుంచి లోకానికి దాని పేరు సైట్‌సేవర్స్. మన దేశంలో 1966 నుంచి పనిచేస్తోంది.

విల్సన్ తన అంధత్వాన్ని ముసీబత్‌గా చెప్పుకుని ఏడ్చిన మనిషి కాదు. చూపు లేనివాళ్లకు చదువు, పని హక్ అన్నాడు, ఖైరాత్ అనలేదు. అదే నోటితో, పోనక్కర్లేని చూపు పోవడం నాఇన్సాఫీ అన్నాడు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావని ఆయన బతుకే గవాహీ.

సంస్థ పెట్టిన తొలి రోజుల్లో ఆయన, భార్య జీన్ ఇవాళ్టి ఘనా ఉత్తరాన నకాంగ్ అనే పల్లెలో కొన్నాళ్లు ఉన్నారు. అక్కడ పడుచువాళ్లకూ చూపు లేదు. వేగంగా పారే నదుల దగ్గర పెరిగే ఒక నల్ల ఈగ కుడితే సన్నటి పురుగు ఒంట్లో చేరుతుంది. దాని పిల్లలు చర్మం కింద పాకి, భరించలేని దురద పెట్టి, చివరికి కంటికి చేరతాయి. జనం సారవంతమైన నదీతీరాలే వదిలి పారిపోయేవాళ్లు. డాక్టర్లు దాన్ని ఆంకోసెర్సియాసిస్ అనేవాళ్లు. నోరు తిరగని పేరుతో చందా ఎవరిస్తారు? జీన్ విల్సన్ దానికి 'రివర్ బ్లైండ్‌నెస్' అని పేరు పెట్టింది. నది తెచ్చే అంధత్వం. ఆ పేరే లోకమంతా నిలిచింది.

1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు, ఇంకొన్ని సంస్థలు కలిసి పశ్చిమ ఆఫ్రికాలో పెద్ద ముహిం మొదలుపెట్టాయి. హెలికాప్టర్ల నుంచి నదుల మీద మందు చల్లి ఈగ లార్వాలను చంపేవాళ్లు. తల్లిపురుగు ఒంట్లో పదేళ్లకు పైగా బతుకుతుంది కాబట్టి, ఆపకుండా ఏళ్లకేళ్లు చల్లాల్సిందే. 1987లో మెర్క్ కంపెనీ ఐవర్‌మెక్టిన్ మాత్రలను ఈ జబ్బుకు ముఫ్త్‌గా ఇస్తామని ప్రకటించింది. మాత్ర తల్లిపురుగును చంపదు, పిల్లపురుగులను చంపుతుంది. అందుకే ఏటేటా మింగాలి. ఊళ్లో డాక్టర్ లేడు, తూకం యంత్రం లేదు. అందుకని గీతలు గీసిన కర్ర తయారుచేశారు. మనిషిని పక్కన నిలబెట్టి, ఎత్తు ఏ గీతకు వస్తే అన్ని మాత్రలు. పంచేవాళ్లు ఆ ఊరివాళ్లే, ఊరు ఎన్నుకున్నవాళ్లే. 2025లో ఈ జబ్బు వ్యాప్తిని పూర్తిగా ఆపిన తొలి ఆఫ్రికా దేశంగా నైజర్‌ను గుర్తించారు.

జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముంగిట ఒక విగ్రహం ఉంది. కర్ర ఒక కొస పట్టుకుని ముందు నడిచే పిల్లవాడు, రెండో కొస పట్టుకుని వెనక నడిచే నాబీనా మనిషి. ఫోటో మొదటిసారి చూసినప్పుడు నేను మనిషిని చూడలేదు, పిల్లవాణ్ణే చూశాను. వాడికీ మొదటి గంట క్లాసు పోయే ఉంటుంది. ఒక చూపు పోతే ఇంట్లో రెండు జిందగీలు ఆగుతాయి.

ఈ కథ హైదరాబాద్ దాకా వస్తుంది. 1975లో అంధత్వ నివారణకు అంతర్జాతీయ ఏజెన్సీ ఏర్పడితే విల్సనే తొలి అధ్యక్షుడు. తర్వాత ఆ కుర్సీలో మన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు కూర్చున్నారు, హైదరాబాద్‌లో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నిలబెట్టిన డాక్టర్. ఆ సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మంది కళ్లను పరీక్షించింది. నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదు. ఆ అంధత్వంలో సుమారు అరవై శాతానికి కారణం శుక్లమో, సరైన కళ్లద్దాలు లేకపోవడమో. అంటే నానీమా ఒక్కతే కాదు.

విల్సన్ ఒక మాట అనేవాడు: జనం లక్షల్లో అంధులు కారు, ఒక్కొక్కరుగా అవుతారని. మా ఇంట్లో ఆ ఒక్కరి కోసం ఎవరం కదలలేదు. దవాఖాన దూరం, తోడు పోతే ఒకరి కూలీ పోతుంది, ముసలి ఆడమనిషికి ఇక చూపెందుకు అన్న ఖయాల్. ఈ చివరిది ఎవరూ పైకి అనలేదు. కానీ మజ్బూరీ కన్నా అదే పెద్ద అడ్డంకి అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చాలా దేశాల్లో శుక్లం ఆపరేషన్ మగవాళ్లకన్నా ఆడవాళ్లకు తక్కువ అందుతోంది.

పోయినేడు మా అమ్మీ కూడా "ఉమర్ హో గయీ" అంది. బియ్యంలో రాళ్లు కనిపించట్లేదంది. ఈసారి ఆ మాటను అక్కడే ఆపి, దవాఖానకు తీసుకుపోయాను. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. పట్టీ తీసిన రోజు నన్ను చూసి, "ఇంత తెల్లబడ్డావేంరా వెంట్రుకలు" అంది.

ఈద్‌కు ఊరికి పోయినప్పుడు మీ నానీమానో, దాదీనో, పక్కింటి అవ్వనో ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూడండి. కంటిపాప తెల్లగా కనిపించినా, కనిపించకుండానే చూపు మసకంటున్నా, డాక్టర్‌కు చూపించండి. తక్దీర్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.