విమానపు రెక్క – ప్రకంపన పరీక్ష: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
విమానయాన చరిత్రను సాధారణంగా వేగం, ఎత్తు, దూరం ఆధారంగా రాస్తుంటారు. రెక్క కంపన స్వభావాన్ని తెలుసుకోవడానికి జరిగిన కృషికి అందులో దక్కిన చోటు తక్కువ. ఆ కృషి పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆపద తర్వాతి జ్ఞానం:
వీచే గాలి నుంచే శక్తిని గ్రహిస్తూ విమాన భాగాల కంపనం అంతకంతకూ పెరగడాన్ని ‘ఫ్లటర్’ అంటారు. 1916లో హ్యాండ్లీ పేజ్ బాంబరు విమానపు తోక తీవ్రంగా కంపించింది. కుడి, ఎడమ ఎలివేటర్లు పరస్పర విరుద్ధంగా కదులుతూ విమానదేహాన్ని మెలిపెడుతున్నాయని లాంచెస్టర్ గుర్తించాడు. రెండింటినీ దృఢంగా కలపాలని సూచించాడు. సమస్య తీరింది కాని, ఆ జ్ఞానం ఆపద ఎదురయ్యాకే లభించింది.

3. ముందుగా తెలుసుకునే ప్రయత్నం:
1935లో జర్మనీలో వాన్ ష్లిప్పె కొత్త పద్ధతిని అనుసరించాడు. ఎగిరే విమానాన్ని కావాలనే కంపింపజేసి, కంపన పరిమితిని కొలుస్తూ, వేగాన్ని అంచెలంచెలుగా పెంచడం ఆ పద్ధతి. పరిమితి అమాంతం పెరిగితే ఫ్లటర్ సమీపించినట్లే. అయితే 1938లో యుంకర్స్ జు 90 విమానం ఇటువంటి పరీక్షలోనే కూలిపోయింది. విమానం ఎగరకముందే నేలమీద సాధ్యమైనంత తెలుసుకోవలసిన అవసరాన్ని ఇటువంటి ఘటనలు స్పష్టం చేశాయి.

4. సమ్మిళిత పదార్థాలు:
లోహపు రేకు దృఢత్వం అన్ని దిశల్లో దాదాపు సమానం. కార్బన్ నారల పొరల్లో అది నారల దిశను బట్టి మారుతుంది. 1984 డిసెంబరు 14న తొలిసారి ఎగిరిన అమెరికా విమానం ఎక్స్-29 రెక్కలు ముందుకు వాలి ఉంటాయి. అటువంటి రెక్క గాలి భారానికి మెలితిరిగి, ఆ భారాన్ని మరింత పెంచుకుంటుంది. నారలను తగిన కోణాల్లో పేర్చి ఆ మెలికను అదుపుచేశారు. తర్వాత తేజస్‌గా పేరుపొంది, 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన భారతీయ యుద్ధవిమానంలోనూ రెక్కల నిర్మాణానికి ప్రధానంగా ఈ పదార్థాన్నే వాడారు. ఆ కార్యక్రమ సారథి కోట హరినారాయణ అనంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు.

5. ముగింపు:
నారల కోణంలో, పొరల మందంలో, అతుకులో వచ్చే చిన్న తేడా కూడా రెక్క దృఢత్వాన్ని మార్చగలదు. అందువల్ల విమానాన్ని మెత్తని ఆధారాలపై నిలిపి, కంపింపజేసి, దాని సహజ పౌనఃపున్యాలను కొలిచి, గణనతో పోల్చి చూస్తారు. రెండూ సరిపోలకపోతే సవరించవలసింది గణననే. లాంచెస్టర్ ఆపద తర్వాత వేసిన ప్రశ్నను నేటి పరీక్ష ఎగరకముందే వేస్తోంది. ఈ చరిత్రలోని అసలైన పురోగతి అదే.