బొమ్మబండి చెప్పే చరిత్ర

రాజుల వంశవృక్షాలు, యుద్ధాల తేదీలు మాత్రమే చరిత్ర అనిపించుకొంటున్న రోజులలో సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించారు. జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడి పొద్దుపుచ్చారు అన్నది కూడా చరిత్రేనని ఆ గ్రంథం నిరూపించింది. 1955లో దానికి సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. ఐతే ఆయన వేసిన బాటలో మనం పెద్దల వినోదాల దాకా నడిచినంతగా, పిల్లల చేతిలోని బొమ్మ దాకా నడవలేదనే చెప్పాలి. బొమ్మ మాట ఎత్తగానే మనసు తీపెక్కుతుంది. “ఆ రోజులే వేరు” అని నిట్టూర్చి ఊరుకొంటాము. భూపాలపల్లి ప్రాంతపు పల్లెలో పుట్టి పెరిగిన నాకూ ఆ తీపి ఉన్నది. దాన్ని దాచుకోను. కాని నిట్టూర్పు చరిత్ర కాదు. మేము ఆడుకొన్న వస్తువులను కాసేపు సాక్షులుగా నిలబెట్టి, అవి ఏమి చెబుతాయో వినటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పని పుట్టిందా, ఆట పుట్టిందా? ఈ ప్రశ్నను ప్లెఖనోవ్ ‘చిరునామా లేని లేఖల’లో చర్చించి, సమాజ చరిత్రలో పనే ముందు, ఆట దాని తరువాత అని వాదించాడు. పిల్లవాడు వ్యక్తిగా ముందు ఆడి తరువాత పనిచేయవచ్చు. కాని అతడు ఆడే ఆటను అంతకుముందే పెద్దల శ్రమ తయారుచేసి ఉంచింది. మా జొన్నబెండు బండి దీనికి మంచి ఉదాహరణ. ఎండిన జొన్న సొప్పను తెచ్చి, పైపట్టను పేళ్ళుగా చీల్చి, లోపలి బెండును ముక్కలు కోసి, ఆ పేళ్ళనే మేకులుగా గుచ్చి బండి కట్టేవాళ్ళం. గోరు కింద పేడు దిగి రక్తం వచ్చేది. ఐనా ఆ బండికి కాడి ఉండేది, నొగలు ఉండేవి, ఇరుసు ఉండేది, చక్రం జారిపోకుండా సీల ఉండేది. ఒక్కటి తప్పినా తోటిపిల్లలు దాన్ని బండి అని ఒప్పుకొనేవారు కారు. వ్యవసాయపు పనిముట్లను, వాటి పేర్లను మేము బడిలో నేర్చుకోలేదు. ఆ బెండు బండి దగ్గర నేర్చుకొన్నాము. వేసవిలో జొన్న సొప్ప దొరకకపోతే ముంజలు తిని పారేసిన తాటికాయల రెండు బుర్రలు చక్రాలయ్యేవి. చెరువుమట్టితో ఎడ్లు తయారయ్యేవి. హరప్పా, మొహెంజొదారో తవ్వకాలలో దొరికిన మట్టిబండ్ల బొమ్మలు చూచినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. పెద్దల చేతిలో ఎడ్లబండి ఉన్నచోట పిల్లల చేతిలో బొమ్మబండి ఉండటం సహజం.

ఇక ఆ బండి చేసిన సరుకును గమనించండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. వరి అన్నం పేదవాని పళ్ళెంలోకి చేరటం మంచిదే. మరొక వైపు పాత వరంగల్లు జిల్లా చేలలోకి పత్తి చొరబడింది. జొన్నచేలు తగ్గుతూ వచ్చాయి. జొన్న తగ్గితే సొప్ప తగ్గుతుంది. సొప్ప తగ్గితే బెండు ఎక్కడిది? నాకు ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసరికి మా బండ్ల చక్రాలు మారిపోయాయి. అవి పురుగుమందు సీసాల మూతలు! మూతకు నడుమ కాల్చిన మేకుతో బెజ్జం చేసి, సైకిలు పుల్ల దూర్చి, అగ్గిపెట్టెను పైన కట్టేవాళ్ళం. ఎన్నిసార్లు కడిగినా వాసన పోయేది కాదు. అది 1997-98 కాలం. పత్తికి పురుగు తగిలి, మందులు పనిచేయక, అప్పులు మిగిలి, వరంగల్లు జిల్లాలో రైతులు వరుసగా ప్రాణాలు తీసుకొన్న సంవత్సరం. ఏ సీసా తండ్రి చేతికి మృత్యువై అందిందో, దాని మూతే కొడుకు చేతిలో చక్రమై దొర్లింది. ఆనాటి వ్యవసాయ సంక్షోభాన్ని గురించి నివేదికలు వచ్చాయి, వ్యాసాలు వచ్చాయి. ఆ మూత ఒక్కటి నాకు దొరికితే, వాటితోపాటు దాన్ని కూడా ఆధారంగా భద్రపరుస్తాను.

పల్లెలో మూతలు దొర్లుతుంటే, గని కార్మికుల వాడలలో బేరింగు బండ్లు మోగేవి. 1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం గోదావరి లోయ వెంట సాగి మా భూపాలపల్లికీ వచ్చింది. గనులతోపాటు యంత్రాలు, యంత్రాలతోపాటు అరిగిపోయిన బేరింగులు వచ్చాయి. పలక కింద మూడు బేరింగులు బిగించి, ఒకడు కూర్చుంటే మరొకడు వెనుకనుంచి తోసేవాడు. తారురోడ్డు మీద దాని చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. సెలవులకు మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు దాని మీద ఎక్కటానికి నేను పడిన తహతహ ఇంతా అంతా కాదు. జొన్నబెండు, మందుసీసా మూత, బేరింగు: ఒక ప్రాంతపు ఉత్పత్తి విధానం ఒక తరంలో ఎట్లా మారిందో ఈ మూడు చక్రాలు చెబుతున్నాయి.

బొమ్మలో వర్గం ఉంటుందని మన పూర్వులకూ తెలుసు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ పేరే మట్టిబండి. పొరుగింటి ధనికుని కొడుకు బంగారుబండితో ఆడటం చూచిన చారుదత్తుని కొడుకు రోహసేనుడు, దాసి ఇచ్చిన మట్టిబండి తనకు వద్దని ఏడుస్తాడు. వసంతసేన జాలిపడి తన నగలతో ఆ బండిని నింపుతుంది. చివరకు ఆ నగలే న్యాయసభలో చారుదత్తునికి ఎదురు సాక్ష్యమవుతాయి. పసివాని కోరికలోకి ఆస్తి ఎట్లా ప్రవేశిస్తుందో, ప్రవేశించి ఏమి చేస్తుందో చూపిన ఆ నాటకకర్త, రాజు పేరును గాక బొమ్మ పేరునే నాటకానికి పెట్టాడంటే ఊరికే పెట్టలేదు.

ఐతే మట్టిబండి కూడా అందని పిల్లల సంగతి ఏమిటి? నా ఈడు పిల్లలలో కొందరు భూస్వాముల ఇండ్లలో జీతమున్నారు. పొద్దున పసులను తోలుకుపోయి పొద్దుగూకి వచ్చేవారు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. వారి బాల్యం దాకా అది నడిచి రాలేదు. ఆడపిల్లల చేతికి బొమ్మకు బదులు చంకలో తమ్ముడు దొరికాడు. అచ్చనగండ్లు ఆడుతున్నా వారి ఒక కన్ను పొయ్యి మీద ఉండేది. ఆటలో మేమంతా ఒక్కటే అనుకొనేవాళ్ళం. బంతి దొర్లి పెద్ద కులస్తుల వాకిట్లో పడినప్పుడు దాన్ని తేవటానికి ఎవరు లోపలికి పోవాలి, ఎవరు గడప బయట నిలబడాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. “ఆ రోజులే వేరు” అనేవారు ఈ పిల్లలను కూడా అడిగి ఆ మాట అనవలసి ఉన్నది.

తరువాత అంగడి వచ్చింది. పూర్వం మేడారం జాతరనాడు కొన్న బూర నాలుగు రోజులు మోగి పగిలేది. మిగతా ఏడాదంతా మా చేతులే మాకు దిక్కు. ఆర్థిక సంస్కరణల తరువాత ప్లాస్టిక్ బొమ్మ ఊరి కిరాణా కొట్టుకే చేరింది. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశీయ పరిశ్రమ నిలబడవలసిందే. కాని బొమ్మ చైనాలో చేసినదైనా ఢిల్లీలో చేసినదైనా, కొనుక్కొనే పిల్లవానికి చేసే పనితో సంబంధం తెగిపోయిందన్న సత్యం మారదు. 2020లో బడులు మూతపడి ఆన్‌లైన్ పాఠాలు వచ్చినప్పుడు ఫోనే పలకైంది, ఫోనే బొమ్మైంది. విప్పి చూడటానికి, విరిగితే అతకటానికి వీలులేని బొమ్మ అది.

ఐతే మనం వెనక్కు పోవాలా? పోలేము, పోకూడదు. మందుసీసా మూతలతో ఏ పిల్లవాడూ ఆడుకోకూడదు. లేమి నేర్పిన నేర్పును మెచ్చుకొంటూ లేమినే మెచ్చుకోవటం శ్రమజీవులకు ద్రోహం. మనం నిలుపుకోవలసినవి రెండు ఉన్నాయి: చేతికి పని, పొద్దుకు తీరిక. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం చేతులతో చేసి నేర్చుకోవటాన్ని పల్లె బడులలోకి తెచ్చింది. ఆ ఒరవడిలో అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబులతో రేఖాగణితం నేర్పాడు. అది బెండు బండికి దగ్గరి చుట్టమే. తీరిక మాటకు వస్తే, 2016 బాలకార్మిక చట్ట సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలు బడి వేళ తరువాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని సందు విడిచింది. ఆ సందులోనుంచి జారిపోయేది పేదపిల్లల ఆటపొద్దే.

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు ఒక సూచన. మీ నాయనమ్మను, అమ్మమ్మను, తాతను అడగండి: ఏ బొమ్మతో ఆడుకొన్నారు, దాన్ని దేనితో చేశారు, ఎవరు చేశారు, ఆటను ఏ వయసులో విడిచారు, ఎందుకు విడిచారు? చివరి ప్రశ్నను మరచిపోవద్దు. వచ్చే జవాబులన్నీ ఒకచోట చేర్చితే, ఏ శాసనంలోనూ లేని ఈ జిల్లా చరిత్ర మన చేతికి వస్తుంది.